చదివాక పని మొదలుపెట్టించిన పుస్తకం మీకు ఏదైనా ఉందా?

గీతల పుస్తకం
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్ళు, విశాఖపట్నం ఇసుకతోటలో ఉంటాం. ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేయడం అలవాటు. పెళ్ళికి ముందు పిల్లల కథలకి బొమ్మలు వేసేదాన్ని. అప్పట్లో ఒక ప్రచురణకర్త నాచేత 24 బొమ్మలు వేయించుకుని పుస్తకం వేశాడు. డబ్బులూ ఇవ్వలేదు, లోపల నా పేరూ వేయలేదు. వెళ్ళి అడిగితే "నీకు అనుభవం వచ్చింది కదమ్మా" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి రంగుల డబ్బా అటక మీద పెట్టేశాను. ఎనిమిదేళ్ళయింది.

మొన్న సామాను సర్దుతుంటే ఆ పాత ఫైలు బయటపడింది. మా బాబుకి ఆరేళ్ళు. వాడు ఒక్కో బొమ్మా తీసి చూసి, ఒక ఏనుగు దగ్గర ఆగి, "అమ్మా, ఇది తరవాత ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు. బొమ్మలు నావే గానీ కథ ఎవరిదో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మళ్ళీ వేయాలని ఉంది. తీరా కూర్చుంటే చెయ్యి రావడం లేదు. తెల్ల కాగితం చూస్తేనే టెన్షన్. ధైర్యం వస్తుందేమోనని మనలోని కళాకారుణ్ణి మేల్కొలిపే రకం పుస్తకాలు నాలుగు కొన్నాను. చదువుతున్నంతసేపూ మనసు పొంగుతుంది. మూశాక మళ్ళీ మామూలే.

అందుకని మిమ్మల్ని అడిగేది ఒక్కటే. గొప్ప పుస్తకాల జాబితా వద్దు. మీరు చదివి, పక్కన పెట్టి, లేచి వెళ్ళి నిజంగా పని మొదలుపెట్టిన పుస్తకం ఉంటే చెప్పండి. అది ఏం పని అయినా సరే.

డాబాగార్డెన్స్
శనివారం, రాత్రి 10:31

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. ఇంట్లోవాళ్ళు సంస్కృతం చదువుకో, వైదికం చేసుకో అంటుంటే, తెలుగులో కథలు రాస్తానని నిలబడ్డ మనిషి. నేను కథకుణ్ణి కాను, ఫొటోలు తీస్తాను. ఆ పుస్తకం చదివాకే మా నాన్నగారితో నాకు ఉద్యోగం కాదు, కెమెరా కావాలని చెప్పగలిగాను.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 6:05

అమ్మా, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏటా వార్షికోత్సవానికి ఒక నాటిక నేనే రాసి పిల్లలచేత వేయించేవాడిని. అలా 26 రాశాను. నన్ను పనిలోకి దించిన పుస్తకం కన్యాశుల్కం. ఇది అందరూ చెప్పేదే కదా అని వదిలేయకండి. నేను చెప్పబోయేది రెండు కన్యాశుల్కాల సంగతి.

మనం చదివేది, నాటకాల వాళ్ళు ఆడేది 1909 నాటి కూర్పు. అసలు ఆ నాటకాన్ని 1892లోనే విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చు వేశారు. పేరొచ్చింది, జనం మెచ్చుకున్నారు. ఇంకొకరైతే అక్కడితో తృప్తి పడేవారు. గురజాడవారు పన్నెండేళ్ళ తర్వాత దాన్నే దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి. మొదటి కూర్పులో మధురవాణికి ఉన్న చోటు చిన్నది. రెండోదానికి వచ్చేసరికి కథ అంతా ఆవిడ కనుసన్నల్లో నడుస్తుంది. మొదటి కూర్పును పరిశోధకులు బంగోరె గారు వెలికితీసి మళ్ళీ అచ్చు వేయించారు కాబట్టి ఇవాళ మనం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడగలుగుతున్నాం.

ఒక వేసవి సెలవుల్లో నేను అదే పని చేశాను. రెండువందల పేజీల రూళ్ళ నోటు పుస్తకం కొని, ఎడమ పేజీలో మొదటి కూర్పు రంగం, కుడి పేజీలో రెండో కూర్పు రంగం సారాంశం రాసుకుంటూ వెళ్ళాను. ఎర్ర సిరాతో 'పెంచారు', 'కొత్తది', 'తీసేశారు' అని గుర్తులు. వసారాలో కూర్చునేవాడిని, మా ఆవిడ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళేది, అది వేడెక్కిపోయేది. నెల రోజులు పట్టింది. చివరికి చూసుకుంటే ఎర్ర సిరా పడని పేజీలు చాలా తక్కువ. అంతటి మహానుభావుడికి కూడా మొదటిసారి రాసింది చాలలేదన్నమాట! ఆ నోటు పుస్తకం మూసి, నాలుగేళ్ళ కిందట నేను రాసి పారేసిన ఒక నాటిక తీశాను. అందులో పోస్ట్‌మాన్ వచ్చి మూడు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు. తిరగరాస్తే నాటిక అంతా వాడిదే అయింది. నా 26 నాటికల్లో పిల్లలు ఇప్పటికీ గుర్తు చేసేది దాన్నే.

మీ పాత ఫైల్లో 24 బొమ్మలు ఉన్నాయన్నారు. తెల్ల కాగితం మీకు భయమైతే తెల్ల కాగితంతో మొదలుపెట్టొద్దు. ఆ ఏనుగును మళ్ళీ వేయండి.

సిరిపురం జంక్షన్
ఆదివారం, ఉదయం 9:48

గీతల పుస్తకం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన ఆ 'మూశాక మళ్ళీ మామూలే' నా జీవితంలో ఆరేళ్ళు నడిచింది. అందుకే రాస్తున్నాను.

నేను పాటలు కడతాను. కట్టేవాడిని అనాలి. ఎక్కడో ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టడానికి పుస్తకాలు పట్టుకున్నాను. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ అనే అమెరికన్ రచయిత పుస్తకం 'ది వార్ ఆఫ్ ఆర్ట్' చదివాను. మనం పనికి కూర్చోబోయేటప్పుడు లోపలి నుంచి ఒకటి అడ్డం పడుతుందనీ, దాన్ని రోజూ ఎదుర్కోవాలనీ చెప్తాడాయన. నిజమే చెప్పాడు. కానీ నేనేం చేశానంటే, ఆ అడ్డం పడే దాని గురించి ఇంకో పుస్తకం చదివాను. తర్వాత ఇంకోటి. పసుపు రంగు పెన్నుతో గీతలు గీశాను. చదివిన ప్రతిసారీ ఆ రోజుకి పని చేసినంత తృప్తి కలిగేది. హార్మోనియం మీద మాత్రం దుమ్ము పేరుకుంది.

ఒక రోజు మా చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, ఇవన్నీ చదివి ఎన్ని పాటలు కట్టావు?" అంది. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

కాబట్టి నేను పుస్తకం పేరు చెప్పను. ఉన్న నాలుగూ ఎవరికైనా ఇచ్చేయండి. కొన్నాళ్ళు ఇంట్లో ఆ రకం పుస్తకం ఒక్కటి కూడా ఉంచకండి.

మగ్గం
ఆదివారం, మధ్యాహ్నం 2:20

సిరిపురం అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ అందరికీ అదే జరగదు. నా సంగతి చెప్తాను.

గాజువాకలో నాకు చిన్న షాపు ఉంది, జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తాం. ఇద్దరు పనివాళ్ళు, నేను. చాలా ఏళ్ళు ఫోన్లో కస్టమర్ చూపించిన డిజైన్ చూసి దించడమే నా పని. ట్రేసింగ్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దితే చుక్కలు చుక్కలుగా డిజైన్ దిగుతుంది. ఆ చుక్కల మీద ఆరి సూదితో కుట్టుకుంటూ పోతాం. నెమళ్ళు, మామిడి పిందెలు, ఏనుగులు, అన్నీ ఎవరో గీసినవే. నాకు సొంతంగా ఒక్క పువ్వు గీయడం కూడా రాదని నమ్మేశాను.

డిగ్రీలో నాతో చదువుకున్న అమ్మాయి జూలియా కామెరాన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన 'ది ఆర్టిస్ట్స్ వే' అనే పుస్తకం ఇచ్చింది. 1992లో వచ్చింది అది. పన్నెండు వారాలకి పన్నెండు అధ్యాయాలు. నేను అన్నీ చేయలేదు. ఒక్కటే పట్టుకున్నాను. పొద్దున్న లేవగానే చేత్తో మూడు పేజీలు రాయాలి. ఏదైనా సరే రాయాలి, ఆగకూడదు, ఎవరికీ చూపించకూడదు, కొన్నాళ్ళపాటు మనం కూడా వెనక్కి తిప్పి చదవకూడదు. కుళాయి నీళ్ళు వచ్చేలోపు, అయిదింటికి లేచి రాసేదాన్ని. మొదటి నెల అంతా ఏడుపే. అద్దె, పనివాడు మానేశాడు, మా అత్తగారి మందులు, కుందన్ల రేటు పెరిగింది. ఇదేం పుస్తకం అనుకున్నాను. నెలన్నర దాటాక ఒక రోజు, మా అమ్మమ్మ ఇంటి ముందు ముగ్గులో వేసే ఒక తీగ గురించి రాస్తున్నాను. మాటల్లో చెప్పడం కుదరక పక్కన గీశాను. పేజీ నిండిపోయింది. అదే రోజు ట్రేసింగ్ పేపర్ మీదకి ఎక్కించి నా జాకెట్టుకే కుట్టుకున్నాను. దాన్ని చూసి పెళ్ళికూతురొకరు అదే కావాలన్నారు. ఇప్పుడు నెలకి రెండు మూడు డిజైన్లు నా సొంతం.

మీ నాలుగు పుస్తకాల్లో ఏదైనా పని చెప్పే పుస్తకం ఉంటే ఆ పని ఒక్కటి చేయండి. అప్పటిదాకా తర్వాతి పేజీ తిప్పకండి.

కంచరపాలెం కథలు
ఆదివారం, సాయంత్రం 5:15

నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఎక్కడో అమెరికాలో కూర్చుని రాసిన సలహాల పుస్తకాలు మనకెందుకు? ఈ ఊళ్ళోనే రావిశాస్త్రి గారు ఉండేవారు. పొద్దున్న నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్ళి, అక్కడ విన్న మాట, చూసిన మనిషి, పడ్డ శిక్ష, తప్పించుకున్న దొంగ, ఇవన్నీ కథల్లోకి తెచ్చారు. 'ఆరు సారా కథలు' చదివితే విశాఖ వీధుల్లో మనుషులు మాట్లాడుకునే యాస చెవిలో మోగుతుంది. నేను ఆయన కథ ఒకటి తీసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చేత్తో కాపీ రాశాను. అలా మూడు కథలు. ఎక్కడ వాక్యం చిన్నదవుతుంది, ఎక్కడ ఒకే మాట మూడుసార్లు వస్తుంది, ఎక్కడ కవిలాగా పొంగుతాడు, ఇవి చదివితే తెలియవు. చెయ్యి నొప్పి పుడితే తెలుస్తాయి. ఆ తర్వాతే నేను మా వీధి గురించి రాశాను.

పెద్దవాళ్ళ పని చూడండి. ప్రేరణ గురించి చెప్పే పుస్తకాలతో పని లేదు.

మగ్గం
ఆదివారం, సాయంత్రం 6:02

అన్నయ్యా, రావిశాస్త్రి గారిని కాపీ రాసే ధైర్యం మీకు ముందే ఉంది. నాకు పెన్ను పట్టుకునే ధైర్యమే లేదు. అది ఎక్కడి నుంచి రావాలి? ఆ పుస్తకం రాసినావిడ ఏ దేశమైతే నాకేం, అయిదింటికి లేచింది నేను. రాసింది మా అమ్మమ్మ ముగ్గు.

లెక్కల మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:40

ఇద్దరూ చేత్తో రాశామనే అంటున్నారు. ఒకరు తన గోడు, ఒకరు పెద్దాయన కథ. అది కూడా ఒకసారి చూసుకోండి.

ఎర్రమట్టి
ఆదివారం, రాత్రి 11:20

సెకండ్ షిఫ్ట్ దిగి ఇప్పుడే వచ్చాను. నేను వెల్డర్‌ని. కవిత్వం రాస్తాను. ఇక్కడ ఎవరూ చెప్పని పుస్తకం ఒకటి చెప్తాను.

రిల్కే అనే జర్మన్ భాషా కవికి 1902 చివర్లో ఒక మిలిటరీ అకాడమీ కుర్రాడు తన కవితలు పంపించి, బాగున్నాయో లేదో చెప్పమన్నాడు. అలాంటి మిలిటరీ స్కూల్లోనే చిన్నప్పుడు రిల్కే కూడా నానా అవస్థలూ పడ్డాడు. 1903లో జవాబు రాశాడు గానీ, కవితలను విమర్శించే పని తనది కాదన్నాడు. నువ్వు బయటికి చూస్తున్నావు, పత్రికలకి పంపుతున్నావు, వాళ్ళు తిప్పి పంపితే కుంగిపోతున్నావు, అది మానేయి అన్నాడు. అర్ధరాత్రి అంతా సద్దుమణిగాక, రాయకపోతే నేను బతకగలనా అని నిన్ను నువ్వే అడుగు అన్నాడు. అలా 1908 దాకా పది ఉత్తరాలు. రిల్కే పోయాక 1929లో ఆ కుర్రాడే వాటిని పుస్తకంగా వేశాడు, ఇంగ్లీషులో 'లెటర్స్ టు ఎ యంగ్ పొయెట్'.

నేను ఆ చిన్న పుస్తకం బస్సులో చదివాను, షిఫ్టుకి వెళ్తూ. చదివి కవిత రాయలేదు. అప్పటికి రాసినవి తీసి చూశాను. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు పైన స్లాగ్ అని నల్లటి పెంకు కడుతుంది. పైనుంచి చూస్తే అతుకు నున్నగా, అందంగా కనిపిస్తుంది. సుత్తితో ఆ పెంకు కొట్టేసి, వైర్ బ్రష్‌తో రుద్దితే గానీ లోపల చిల్లులున్నాయో లేదో తెలియదు. చిల్లు ఉంటే గ్రైండింగ్ పట్టి మళ్ళీ వేయాల్సిందే. నా కవితల్లో చాలావరకు పైపెంకే. ఎవరో మెచ్చుకోవాలని పెట్టిన మాటలు. అవన్నీ కొట్టేశాను. 60 కవితల్లో 11 మిగిలాయి. ఆ 11 నావి.

అమ్మా, మీ పేరు వేయని ఆ మనిషి మీకు అన్యాయం చేశాడు. అది అన్యాయమే, చిన్నదేం కాదు. కానీ మీరు మళ్ళీ గీస్తే అది అతనికి జవాబు చెప్పడానికి కాకూడదని నా మనవి. మీ బాబు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న.

ఇంకో మాట. మన ఊళ్ళో పుట్టిన శ్రీశ్రీ మహాప్రస్థానం గీతాలు 1930లలోనే రాశాడు. చలం గారు ముందుమాట రాసిచ్చింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో. అప్పటికి శ్రీశ్రీకి 40 ఏళ్ళు. మీకు 34.

గీతల పుస్తకం
సోమవారం, ఉదయం 7:10

ఆఫీసుకి బయల్దేరుతూ రాస్తున్నాను. ఎర్రమట్టి గారూ, మీ పోస్టు చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ మనిషికి చూపించాలనే నేను ఇన్నాళ్ళూ మళ్ళీ గీద్దామనుకుంటున్నానని నాకు ఇప్పటిదాకా తెలియదు. మాస్టారూ, ఏనుగును బయటికి తీశాను. టేబుల్ మీద పెట్టాను. ఇంకా ముట్టుకోలేదు.

ఒక సందేహం. ఇంట్లో నాకు దొరికేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అరగంట. అంతలో ఏం అవుతుంది?

గజ్జెల సవ్వడి
సోమవారం, మధ్యాహ్నం 1:35

అరగంట చాలండి. విశాలాక్షినగర్లో కూచిపూడి నేర్పిస్తాను, ఇద్దరు పిల్లలు, నాదీ అదే పరిస్థితి. ట్వైలా థార్ప్ అని అమెరికాలో పెద్ద నృత్య దర్శకురాలు, 2003లో 'ది క్రియేటివ్ హ్యాబిట్' అని ఒక పుస్తకం రాశారు. కొత్త నృత్యం మొదలుపెట్టేటప్పుడు ఆవిడ ఒక అట్టపెట్టె తీసుకుని దాని మీద పేరు రాస్తారు. ఆ పనికి సంబంధించి దొరికినవన్నీ అందులో పడేస్తారు. కాగితం ముక్క, ఫొటో, క్యాసెట్టు, ఏదైనా. నేను మా బాబు బూట్ల డబ్బా మీద 'గంగావతరణం' అని రాశాను. కూరగాయలు తరుగుతుంటే ఒక జతి తట్టిందనుకోండి, పాల ప్యాకెట్ అట్ట వెనక రాసి డబ్బాలో వేస్తాను. రాత్రి ఆ అరగంట దొరికినప్పుడు ఏం చేద్దామా అని వెతుక్కోవక్కర్లేదు. డబ్బా మూత తీస్తే చాలు.

టోనీ మోరిసన్ అనే అమెరికన్ నవలా రచయిత్రి కూడా ఇద్దరు పిల్లలతో, ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారుజామున లేచి రాసుకునేదట. ఆవిడ మొదటి నవల 1970లో వచ్చింది, అప్పటికి 39 ఏళ్ళు.

ఏటికొప్పాక నుంచి
సోమవారం, రాత్రి 8:50

నేను చదువుకున్నది ఇంటర్ వరకే. తప్పులుంటే మన్నించండి. మాది లక్క బొమ్మల ఇల్లు. తాత, నాన్న, నేను. అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, లేత్ మీద తిప్పి ఉలితో చెక్కుతాం. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ అదిమి పడితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. తర్వాత ఆకుతో రుద్ది నునుపు తెస్తాం. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, ఇలాంటివాటితోనే రంగులు. 2017లో మా బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది.

నాకు పనితనం ఉంది. కొత్తది చేయడం మాత్రం వచ్చేది కాదు. అమ్మాయి బొమ్మ చేస్తే ముక్కు, చెవులు, చేతులు, గాజులు, జడ, అన్నీ పెట్టాలనుకునేవాణ్ణి. అన్నీ పెడితే ధర పెరిగిపోయేది, బొమ్మ అమ్ముడుపోయేది కాదు. ఒకసారి వైజాగ్‌లో ఎగ్జిబిషన్‌కి స్టాలు పెట్టినప్పుడు ఒక మేడమ్ గారు పాత పుస్తకం ఇచ్చి వెళ్ళారు. జపాన్ బొమ్మల పుస్తకం. నాకు అందులో ఒక్క అక్షరం చదవడం రాలేదు, అన్నీ బొమ్మలే. అక్కడ కొకేషి అని ఉత్తరం వైపు ఊళ్ళలో చేస్తారట, మాలాగే లేత్ మీద. గుండ్రటి తల, నిలువుగా ఒళ్ళు. చేతులు లేవు, కాళ్ళు లేవు. కళ్ళు రెండు గీతలు. ఒంటి మీద రెండు పువ్వులు. అయినా చూస్తే పాప నవ్వుతున్నట్టే ఉంది!

ఆ రాత్రి లేత్ ఆపలేదు. చేతులు తీసేశాను, గాజులు తీసేశాను. మా ఊరి చంటిపిల్ల దిష్టిచుక్క మాత్రం ఉంచాను. నాన్న చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని, "మెడ దగ్గర ఇంకొంచెం సన్నం చెయ్యి" అన్నారు. అది ఇప్పుడు మా ఇంట్లో ఎక్కువ పోయే బొమ్మ.

చదవడానికి రాని పుస్తకం కూడా పని చేయిస్తుందని చెప్పడానికి రాశాను.

సిరిపురం జంక్షన్
సోమవారం, రాత్రి 9:25

ఏటికొప్పాక తమ్ముడూ, నిన్న ఆ రకం పుస్తకాలన్నీ ఇచ్చేయమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను చదివిన పుస్తకాలన్నీ నా గురించే మాట్లాడాయి, నా భయం, నా బద్ధకం, నా శక్తి. నీ పుస్తకం బొమ్మ గురించి మాట్లాడింది. మాస్టారి కన్యాశుల్కం నాటకం గురించి. ఇన్నేళ్ళలో నేను ఒక్క పాట నిర్మాణం గురించి పుస్తకం పట్టుకున్న పాపాన పోలేదు.

కంచరపాలెం కథలు
సోమవారం, రాత్రి 10:05

సిరిపురం గారి మాట నిజం. దానికి తోడు ఒక పేరు కూడా చెప్తాను. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం'. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. కథ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి కంటితో చూపించాలి, వాతావరణం ఎలా కట్టాలి, ఇవన్నీ తెలుగు కథలనే ఉదాహరణగా తీసుకుని చెప్తారు. అది చదివి నా కథలో చెప్పే మనిషిని మార్చాను. కొడుకు చెప్తున్న కథని తల్లి చేత చెప్పించాను. మూడేళ్ళు కదలని కథ వారంలో అయిపోయింది.

మగ్గం అమ్మా, నిన్న నేను కొంచెం దురుసుగా అన్నాను. కారా మాస్టారు, అదే కథకులు కాళీపట్నం రామారావు గారు, ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి బడిపంతులుగా చేశారు. తనకొచ్చిన అవార్డు డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం కట్టారు. అందులో ఆయనకి నచ్చిన కథలు మాత్రమే పెట్టలేదు, తెలుగులో అచ్చయిన ప్రతి కథా కావాలన్నారు. ఆ ఇంట్లోకి వెళ్ళినవాణ్ణి, ఎవరికి ఏ పుస్తకం పని చేస్తుందో నేను తేల్చకూడదు.

మగ్గం
సోమవారం, రాత్రి 10:11

అయ్యో, ఏం పర్వాలేదు అన్నయ్యా. ఆ కథ ఎక్కడైనా అచ్చయితే లింకు పెట్టండి. తల్లి చెప్పే కథ నాకు చదవాలనుంది.

గీతల పుస్తకం
శనివారం, రాత్రి 9:55

వారం అయింది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మంగళవారం లంచ్ అవర్‌లో ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళాను. చదవడానికి కాదు, చూడటానికి. ఏటికొప్పాక అన్నయ్య చెప్పినట్టు బొమ్మలున్న పుస్తకాలే తిరగేశాను. నేను కొన్న నాలుగింట్లో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే ఆవిడది ఒకటుంది, 'డ్రాయింగ్ ఆన్ ది రైట్ సైడ్ ఆఫ్ ది బ్రెయిన్', బొమ్మలు వేయడం నేర్పేది, 1979 నాటిది. మగ్గం గారు అన్నారు కదా, చెప్పిన పని ఒక్కటి చేసేదాకా పేజీ తిప్పొద్దని. అందులో ఒక పని ఉంది. ఏదైనా గీతల బొమ్మను తలకిందులుగా పెట్టి, అలా తలకిందులుగానే చూస్తూ వేయాలి. ఇది ముక్కు, ఇది చెయ్యి అని పేరు పెట్టుకోకూడదు. ఈ గీత ఎంత వంగింది, ఆ గీతకి ఎంత దూరంలో ఉంది, అంతే చూడాలి.

రాత్రి బాబు పడుకున్నాక నా పాత ఏనుగును తలకిందులు చేసి పెట్టాను. పెన్సిల్ పట్టుకుంటే మొదట చెయ్యి వణికింది. ఏనుగు అనుకోవడం మానేసి వంపులు చూస్తూ పోయాను. ఎంతసేపైందో తెలియలేదు. పూర్తయ్యాక తిప్పి చూస్తే, తొండం పాతదానికంటే బరువుగా ఉంది. నిజంగా కిందకి వేలాడుతున్నట్టుంది. ఎనిమిదేళ్ళ కిందట నేను తొండాన్ని చూడకుండా, తొండం అనే మాటను వేశానని అప్పుడు తెలిసింది.

బుధ, గురువారాల్లో చెంచాలు, బాబు చెప్పులు, గ్యాస్ స్టవ్ వేశాను. ఇవాళ పొద్దున్న ఆరింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. మరబోట్లు వచ్చి ఉన్నాయి. గంపల్లో కవళ్ళు, కానాగడతలు, వంజరం, వేలం పాట, ఆడవాళ్ళ కేకలు, ఐసు మీద నీళ్ళు. అంత గోలలో ఒక తాత బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి బిగించి పట్టాడు. కుడి చేతిలో నూలు చుట్టిన చిన్న పుల్ల, అది కంతలోంచి దూరి, చుట్టు తిరిగి, ముడి పడి, మళ్ళీ పక్క కంతలోకి. ఎడమ చేతి చూపుడువేలు కంత కొలత. ప్రతి కంతా ఆ వేలంతే. అక్కడే చెక్క మీద కూర్చుని ఆ చేతులు వేశాను. తొమ్మిది సార్లు వేశాను. ముడి పడే క్షణంలో వేళ్ళు ఎలా ఉంటాయో ఇంకా దొరకలేదు. తాత నా వైపు చూసి, "ఏం రాస్తున్నావమ్మా" అన్నాడు. చూపించాను. "వేలు పొడుగైపోనాది" అన్నాడు. నిజమే, పొడుగైపోయింది.

ఇంటికొచ్చాక బాబు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాను. ఏనుగు హార్బర్‌కి వెళ్ళింది. వల ముడి వేయడం నేర్చుకుందామని. తొండంతో ముడి పడుతుందా అని వాడు అడిగాడు. అది ఇంకా తెలియదు నాన్నా, రేపు చూద్దాం అన్నాను.

ఒక డబ్బా మీద 'ఏనుగు-వల' అని రాసి పెట్టాను.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 5:50

పొద్దున్నే కాఫీ తాగుతూ మీ పోస్టు చదివి మా ఆవిడకి వినిపించాను. ఆవిడ భీమిలి మత్స్యకారుల పేట పక్కనే పుట్టి పెరిగింది. వల ముడి ఒక్కలాంటిది కాదట, వలను బట్టి మారుతుందట. ఆ తాతనే అడగమంది. తొండానికి ఏది కుదురుతుందో ఆయనే చెప్తాడు.

ఏటికొప్పాక నుంచి
ఆదివారం, ఉదయం 7:30

అక్కా, ఏనుగు బొమ్మ నాలుగు వైపుల నుంచీ ఎలా ఉంటుందో గీసి పంపగలరా? తొండం లేత్ మీద రాదు, విడిగా చేసి అతకాలి. కంత పెట్టి నూలు దూర్చేలా చేద్దాం. బొమ్మ అడుగున మీ పేరు రాస్తాను.

ఎర్రమట్టి
ఆదివారం, రాత్రి 11:40

వచ్చే శనివారం నాకు వీక్లీ ఆఫ్. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ బొమ్మలే. హార్బర్‌కి మీరు మళ్ళీ వెళ్తే తీసుకురావచ్చా అమ్మా?

గీతల పుస్తకం
సోమవారం, ఉదయం 7:05

తప్పకుండా తీసుకురండి. ఆరింటికల్లా అక్కడ ఉంటాను, వేలం జరిగే షెడ్డు పక్కన. 4బి పెన్సిల్ ఒకటి తెచ్చుకోమనండి, నా దగ్గర ఒక్కటే ఉంది. కూర్చోవడానికి అట్టముక్క కూడా తెచ్చుకోండి, నేలంతా తడి.